శాస్త్రసౌలభ్యము: పాణినీయ ప్రక్రియాగ్రంథముల మార్గము

ఒక శాస్త్రమునందుఁ గృతపరిశ్రముఁడైన పండితుఁడు దానియందుఁ బరిశ్రమింపని మఱియొక పండితునకుఁ దన విషయమును దెలుపవలసివచ్చినపుడు గలుగు కష్టము, శిష్యునకుఁ బాఠము చెప్పునపుడు గలుగు కష్టము వంటిది కాదు. శిష్యుఁడు ద్వాదశవర్షములు గూర్చుండ సిద్ధపడి వచ్చినవాఁడు. నేఁ డర్థముగాని సంజ్ఞ ఱేపు బోధపడునని యోపిక పట్టును. తోడిపండితున కా యవకాశము లేదు. అతఁడు సాహిత్యవేత్త కావచ్చును, నైయాయికుఁడు కావచ్చును, గణితోపాధ్యాయుఁడు కావచ్చును. బుద్ధి సూక్ష్మమైనదే, కాని యతఁడు గోరునది శాస్త్రమంతయుఁ గాదు, శాస్త్రము పనిచేయు తీరు మాత్రము. అట్టివానికిఁ బారిభాషికపదములతో నంతయుఁ జెప్పినచోఁ జెవి కెక్కదు. వానిని విడిచి తేలికగాఁ జెప్పినచోఁ జెప్పినది శాస్త్రము గాకపోవును. ఈ రెండు ప్రమాదముల నడుమ నడచు త్రోవ యెట్టిదో వ్యాకరణశాస్త్రచరిత్ర చక్కఁగాఁ జూపుచున్నది.

సాతవాహనుని కథ

ఈ విషయమున మొదట స్మరింపఁదగినది తెలుఁగునేలతో సంబంధముగల సాతవాహనుని కథ. దీనిని క్రీస్తుశకము 11వ శతాబ్దివాఁడైన సోమదేవుఁడు కథాసరిత్సాగరమునఁ జెప్పినాఁడు. రాజు జలక్రీడ సలుపుచుండఁగా రాణి నీటితోఁ గొట్టవలదని సంస్కృతమునఁ బలికెను. ‘మా’ యను నిషేధార్థకమును ‘ఉదకైః’ అను పదమును గలిసి ‘మోదకైః’ అయ్యెను. రాజు సంధి నెఱుఁగక మోదకములను, అనఁగాఁ గుడుములను, దెప్పించెను. రాణి నవ్వెను. సిగ్గుపడిన రాజు వ్యాకరణము నేర్చుకొనఁగోరెను. సాధారణముగాఁ బండ్రెండేండ్లు పట్టునట్టి దానిని గుణాఢ్యుఁ డాఱేండ్లలో నేర్పెదననెను. శర్వవర్మ యాఱు నెలలలో నేర్పెదననెను. పందెమున శర్వవర్మ గెలిచెను. ఆతఁడు రచించినదే కాతంత్రమని సంప్రదాయము. ఆ పేరునకు సంక్షిప్తమైన తంత్రమని యర్థము. ఓడిన గుణాఢ్యుఁడు సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచి పైశాచీభాషలో బృహత్కథను జెప్పెనని కథ ముగియును.

ఈ కథయందలి చరిత్రాంశ మెంతయైనను, ఇందలి ప్రశ్న మాత్రము సత్యమైనది. రాజునకుఁ గావలసిన దేమి? ఆనాఁటి యవమానమునకుఁ గారణమైనది యొక్క గుణసంధి. ఆ కారమునకు ఉ కారము పరమైనపు డా రెంటికి ఓ కారము వచ్చుట. వేదస్వరములు, ఛాందసప్రయోగములు, పూర్వాచార్యుల మతభేదములు రాజునకు నక్కఱలేదు. సభలోఁ దప్పక పలుకుటయు, విన్నది గ్రహించుటయు నాతని ప్రయోజనము. శర్వవర్మ ప్రయోజనమును ముందు నిర్ణయించి శాస్త్రమును దానికిఁ దగినట్లు కొలిచెను. కాతంత్రమున వైదికప్రక్రియ లేకపోవుట యాకస్మికము గాదు. సులభముగాఁ జెప్పువాఁడు మొదట నడుగవలసినది, ‘విషయ మెంత యున్నది?’ అని కాదు; ‘వినువాఁడు దీనితో నేమి చేయఁదలఁచినాఁడు?’ అని.

కష్ట మెక్కడ నున్నది

పాణిని యష్టాధ్యాయి యెనిమిదధ్యాయములు, ముప్పదిరెండు పాదములు, ఇంచుమించు 4,000 సూత్రములు గల గ్రంథము. చేతఁబట్టినచోఁ జిన్నది, ప్రవేశింపఁబోయినచో దుర్గము. సామాన్యముగా దాని కష్టమునకు విషయగాంభీర్యమే కారణమని తలఁతురు. పరిశీలించినచోఁ గష్టములోఁ బెద్దభాగము విషయమునందుఁ గాక సంక్షేపణవిధానమునందున్నది. దీనిని యణాదేశ మను నొక్క యుదాహరణముతోఁ జూడవచ్చును.

ప్రతి+ఏకము ప్రత్యేకము, అను+ఏషణము అన్వేషణము, పితృ+ఆర్జితము పిత్రార్జితము. ఈ మాటలు తెలుఁగింట నందఱు నెఱిఁగినవే. ఇ, ఉ, ఋ లకు నసవర్ణాచ్చులు పరమగునపుడు వరుసగా య, వ, ర లు వచ్చునని పాఠశాలలయందుఁ జెప్పుదురు. ఇదే విషయమును బాణిని యాఱవ యధ్యాయము మొదటి పాదమున (6-1-77) మూఁడే పదములతోఁ జెప్పినాఁడు. ఆ మూఁటిలోఁ గ్రియాపదము లేదు. ‘బదులు’ అనుగాని, ‘పరమగునపుడు’ అనుగాని, ‘వరుసగా’ అనుగాని మాట లేదు. మఱి యర్థ మెట్లు వచ్చుచున్నది?

మొదటిది సంజ్ఞ. పదునాలుగు మాహేశ్వరసూత్రములలో ఇ కారము మొదలుకొని క కారపు గుఱుతు వఱకు గల ఇ, ఉ, ఋ, ఌ లకు ‘ఇక్’ అని పేరు. అట్లే య, వ, ర, ల లకు ‘యణ్’, అచ్చులన్నింటికి ‘అచ్’. వర్ణములను బేర్కొనుట కక్షరద్వయము చాలినది. రెండవది పరిభాష, అనఁగా సూత్రములను జదువవలసిన తీరును దెలుపు సూత్రము. షష్ఠీవిభక్తి యున్నచో దానికి ‘స్థానమున’ అని యర్థమని యొక పరిభాష (1-1-49). సప్తమీవిభక్తి యున్నచో దానికిఁ బూర్వమందున్న దానికిఁ గార్యమని వేఱొక పరిభాష (1-1-66). సమసంఖ్య గలవానిని వరుసగా జతపఱుపవలెనని యింకొకటి (1-3-10). కావున నీ మూఁడు పదములలో ‘ఇక్’ షష్ఠియందుండుటచే నాదేశస్థానము తెలిసినది, ‘అచ్’ సప్తమియందుండుటచేఁ బరమగునది తెలిసినది, ప్రథమయందున్న ‘యణ్’ ఆదేశమని తెలిసినది.

మూఁడవది యనువృత్తి. తరువాతి సూత్రము (6-1-78) ఏ, ఓ, ఐ, ఔ లకు అయ్, అవ్, ఆయ్, ఆవ్ అనువానిని విధించును. ఎప్పుడు? అచ్చు పరమగునపుడు. కాని ‘అచ్చు పరమగునపుడు’ అను మాట యా సూత్రమున లేదు; పైసూత్రమునుండి దిగివచ్చినది. ఇంటి పెద్ద యొక్కసారి ‘ఈ గదిలోని సామానులు’ అని చెప్పి, తరువాత నొక్కొక్కదానిని ‘పెట్టె, పీఁట, చెంబు’ అని పేర్కొన్నట్లు, పాణిని యొకసారి చెప్పిన పదమును మరలఁ జెప్పఁడు.

ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి కలదు. పాఠశాలనియమమునందున్న ‘అసవర్ణ’ శబ్దము పాణినిసూత్రమున లేదు. కవి+ఇంద్రుఁడు అన్నచోట యణాదేశము రాక కవీంద్రుఁ డగుట కొకే పాదమున నున్న సవర్ణదీర్ఘసూత్రము (6-1-101) అపవాదమై యడ్డుపడుచున్నది. గ్రంథమంతయు మనస్సున నున్నవాని కా యడ్డంకి తెలియును గావున నాచార్యుఁ డొక పదము మిగిల్చెను. గ్రంథము లేనివాని కది తెలియదు గావున నుపాధ్యాయుఁ డొక పదము చేర్చెను. దీనినిబట్టి యొక సత్యము తేలుచున్నది. సులభీకరణమునందు మాటలు పెరుగును, తగ్గవు. సంక్షేపమునందు జ్ఞాపకశక్తి మోయు బరువును సులభీకరణమునందుఁ బుట మోయును. కావున సులభముగాఁ జెప్పుట యనఁగాఁ గొంచెముగాఁ జెప్పుట యని తలఁచుట పొరపాటు.

ప్రక్రియాగ్రంథములు

కాత్యాయనుని వార్తికములును, పతంజలి మహాభాష్యమును, క్రీస్తుశకము 7వ శతాబ్దిలో జయాదిత్యవామనులు రచించిన కాశికావృత్తియు నష్టాధ్యాయీక్రమమునే యనుసరించినవి. ఈ క్రమమున నొకే రూపమునకుఁ గావలసిన సూత్రములు గ్రంథమంతట వెదచల్లఁబడియుండును. ‘రామః’ అను నొక్క రూపమును సాధించుటకుఁ బ్రాతిపదికసంజ్ఞకు మొదటి యధ్యాయమునకును, సుప్రత్యయమునకు నాలవ యధ్యాయమునకును, రుత్వవిసర్గములకు నెనిమిదవ యధ్యాయమునకును బోవలెను. సంబారముల కొట్టున మిరియము లొకచోట, మెంతు లొకచోట, ఉప్పొకచోటఁ గుదురుగా నుండును. అది వర్తకునకు మేలు. వంట చేయువారికి మాత్ర మా పూఁట పులుసునకుఁ గావలసినవన్నియు నొక పళ్లెరమునఁ జేరవలెను. కొట్టు క్రమమునుండి వంటయింటి క్రమమునకు మార్చినవే ప్రక్రియాగ్రంథములు.

వీనిలోఁ బ్రాచీనమైనది ధర్మకీర్తి రూపావతారము. చోళరాజైన మొదటి రాజేంద్రుని కాలపు ఎణ్ణాయిరము శాసనమున రూపావతారమును జదువు విద్యార్థులు నలువదిమంది పేర్కొనఁబడిరి. వ్యాకరణశాస్త్రమును బైస్థాయిలోఁ జదువువా రా శాసనముననే వేఱుగా లెక్కింపఁబడిరి. పదునొకండవ శతాబ్దినాఁటికే మొదటి మెట్టునకు సులభగ్రంథము, పై మెట్టునకు మూలశాస్త్రము ననెడి యేర్పాటు దక్షిణదేశపు విద్యాస్థానములయందుఁ గలదని దీనివలన స్పష్టము. తరువాత రామచంద్రుని ప్రక్రియాకౌముదియు, దాని వెనుక భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముదియు వెలసినవి. 1616లో మేల్పత్తూరు నారాయణభట్టు కేరళమునఁ బ్రక్రియాసర్వస్వమును రచించెను.

ఈ మార్పువలన లాభము ప్రత్యక్షము. విద్యార్థి సంజ్ఞాపరిభాషలను గడచిన కొలఁది దినములకే సంధులను, పిదప విభక్తిరూపములను సాధింపఁగలుగును. తాను నేర్చినది పనికివచ్చుచున్నదని తెలియుటవలనఁ గలుగు నుత్సాహము చిన్నది కాదు. నష్టమును గలదు. దానిని రెండు విధములుగాఁ జెప్పవచ్చును.

ఒకటి, అనువృత్తి తెగినది. సూత్రములు స్థానభ్రష్టములగుటచేఁ బై సూత్రమునుండి దిగిరావలసిన పదము కంటఁబడదు. అందుచే విద్యార్థి సూత్రముతోపాటు వృత్తిని గూడ వల్లించవలసివచ్చెను. అష్టాధ్యాయీక్రమమున నూహచేతఁ దెలియునది కౌముదీక్రమమున జ్ఞాపకముచేతఁ దెలియవలెను.

రెండవది, సూత్రముల పౌర్వాపర్యము మఱుగుపడినది. పాణినీయమున సూత్రము నిలిచిన చోటు కూడ నర్థమును జెప్పును. ఎనిమిదవ యధ్యాయము రెండవపాదారంభమున (8-2-1) నొక యధికారము కలదు. అచ్చటినుండి గ్రంథాంతము వఱకు గల మూఁడు పాదముల సూత్రములు చేసిన కార్యము, వానికిఁ బూర్వమందున్న సూత్రములకు జరగనట్లే యుండునని దాని తాత్పర్యము. విష్ణో+ఇహ యను నుదాహరణమును జూడుఁడు. పైఁ జెప్పిన 6-1-78చేత ఓ కారమునకు అవ్ వచ్చి ‘విష్ణవిహ’ యగును. పిదప 8-3-19చేత వ కారమునకు వికల్పముగా లోపము వచ్చి ‘విష్ణ ఇహ’ యగును. ఇప్పుడు అ కారమునకు ఇ కారము పరమైనది. గుణసంధి (6-1-87) వచ్చి ‘విష్ణేహ’ యని యేల కారాదు? లోపము చేసిన సూత్ర మెనిమిదవ యధ్యాయపు మూఁడవపాదమున నున్నది గావున, ఆఱవ యధ్యాయమునందలి గుణసూత్రముదృష్టిలో వ కార మింకను నచ్చటనే యున్నది. కావున సంధి లేదు. ఈ సమాధానమంతయు సూత్రముల స్థానముమీఁద నాధారపడినది. స్థానమును మార్చిన గ్రంథ మీ ప్రశ్నకుఁ దనంతఁ దాను సమాధానము చెప్పలేదు.

భట్టోజిదీక్షితుఁ డీ లోపమును గప్పిపుచ్చలేదు. ఆ యసిద్ధత్వాధికారమును గ్రంథారంభమున సంజ్ఞాప్రకరణముననే నిలిపి, మూలక్రమ మొకటి కలదనియు దానిని మఱవరాదనియు ముందే సూచించెను. సులభగ్రంథకర్తకు నిదియే ముఖ్యధర్మము. తాను దేనిని విడిచెనో, దేనిని మార్చెనో చెప్పిన సులభగ్రంథము మూలమునకు ద్వారమగును. చెప్పనిది మూలమునకు గోడ యగును.

ఒక్క శాస్త్రమున కనేకద్వారములు

వినువారు భిన్నులైనపు డొక్క గ్రంథ మందఱకుఁ జాలదు. భట్టోజి తన కౌముదిమీఁదనే ప్రౌఢమనోరమ యను వ్యాఖ్యను సమానపండితులకై వేఱుగా వ్రాసెను. ఆతని శిష్యుఁడు వరదరాజు క్రిందివైపునకు మెట్లు కట్టి మధ్యకౌముదిని, లఘుకౌముదిని, సారకౌముదిని గూర్చెను. లఘుకౌముదిలో నున్న సూత్రము లించుమించు 1,270. అనఁగా మూలమున మూఁడవ వంతు కంటెఁ దక్కువ. నేఁటికిని సంస్కృతవ్యాకరణమునఁ బ్రవేశించు బాలురు పెక్కుమంది యీ ద్వారముననే వచ్చుచున్నారు. బాలునకుఁ జెప్పినది ప్రౌఢునకును, ప్రౌఢునకుఁ జెప్పినది బాలునకును జెప్పకుండుటయే వీరి కౌశలము.

సులభీకరణము వివాదములకు నతీతము గాదు. భట్టోజి ప్రౌఢమనోరమయందుఁ దన గురువైన శేషకృష్ణుఁడు ప్రక్రియాకౌముదిపై వ్రాసిన వ్యాఖ్యను ఖండించెను. శేషకృష్ణుని కుమారుఁడైన వీరేశ్వరునియొద్దఁ జదివిన యాంధ్రుఁడు జగన్నాథపండితరాయలు మనోరమాకుచమర్దనమను గ్రంథమున భట్టోజిని దిరిగి ఖండించెను. సులభగ్రంథము మూలమునకు బదులుగాఁ బఠింపఁబడుచున్నది గావున దానియందలి ప్రతిపదము శాస్త్రప్రామాణ్యమును బొందును. పాఠకులు పెక్కురు మూలమును జూడరు. అందుచేతనే పండితులు వానియందలి లోపమును సహింపలేదు.

తెలుఁగున నిట్టి ప్రయత్నమునకుఁ బరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) నిదర్శనము. అంతకుముందు నన్నయకృతమని ప్రసిద్ధిగల యాంధ్రశబ్దచింతామణి తెలుఁగువ్యాకరణమును సంస్కృతభాషలోఁ జెప్పినది. సూరి తెలుఁగు సూత్రములతోఁ బది పరిచ్ఛేదములుగా విషయమును విభజించి, వివరణమును నుదాహరణములను జేర్చెను. అయినను సంజ్ఞలను సంగ్రహముగాఁ జెప్పి వానిపై శాస్త్రమంతయు నిలుపు పాణినీయమార్గమును విడువలేదు. ద్రుతప్రకృతికములు, కళలు నను విభాగము మనస్సునఁ బట్టనిదే సంధిపరిచ్ఛేద మడుగు సాగదు. పేరు ‘బాల’ యైనను గురువు లేక చదువుట కష్టమని యధ్యాపకు లందఱు నెఱుఁగుదురు. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమును రచించి యందు లేనివానిని బూరించెను. పేరుచేత సౌలభ్యము రాదు; వినువాని కేది తెలియునో గుర్తించుటచేత వచ్చును.

నేఁటి ప్రమాదము

నేఁడు వ్యాకరణపండితునకు గణనయంత్రశాస్త్రజ్ఞుఁడు తోడివాఁడైనాఁడు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు సంస్కృతాధ్యయనశాఖలోఁ బాణినీయము ననుసరించి సంధివిచ్ఛేదమును, రూపసాధనమును గంప్యూటరుచేఁ జేయించు పనిముట్లు నిర్మింపఁబడినవి. ఇచ్చటఁ బండితుఁడు యంత్రజ్ఞునకు ‘అసిద్ధత్వ’మును, యంత్రజ్ఞుఁడు పండితునకుఁ దన క్రమలేఖనమును దెలుపుకొనవలెను. ఇరువురిలో నెవరు తప్పుగా సులభపఱచినను యంత్రము ‘విష్ణేహ’ యనును.

అట్టి తప్పు బహిరంగమున వ్యాపించినచో నెంత దూరము పోవునో చూపు నుదాహరణ మొకటి కలదు. 1985లో రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుఁ డమెరికాలోని కృత్రిమమేధాపత్రికయందు నొక వ్యాసము ప్రకటించెను. నవ్యవైయాకరణులు వాక్యార్థమును గ్రియావ్యాపారము ప్రధానముగా, కారకసంబంధములతో విడఁదీసి శాస్త్రసంస్కృతమున విశదముగాఁ జెప్పు శాబ్దబోధపద్ధతికిని, కృత్రిమమేధాశాస్త్రమున నర్థమును సంబంధజాలముగాఁ జూపు పద్ధతికిని గల సామ్యము దాని విషయము. రచయిత నాసాకుఁ జెందిన కేంద్రమునఁ బనిచేయుచుండెను. ఈ వ్యాసము నోటినుండి నోటికిఁ బోఁగాఁ బోఁగా ‘శాబ్దబోధపద్ధతి’ పోయి ‘సంస్కృతము’ మిగిలెను. ‘సామ్యము’ పోయి ‘సర్వోత్తమము’ వచ్చెను. రచయిత పోయి సంస్థ నిలిచెను. చివరకు ‘కంప్యూటరునకు సంస్కృతమే సర్వోత్తమభాషయని నాసా నిర్ణయించినది’ అను మాట పాఠశాలాసభలయందు సయితము వినఁబడుచున్నది. వ్యాసమున నట్టి నిర్ణయము లేదు. దీనివలన సంస్కృతమునకు గౌరవము హెచ్చదు. విద్యార్థి పెరిగి నిజము తెలిసికొన్ననాఁడు బోధించినవానియందేకాక బోధింపఁబడిన శాస్త్రమునందుఁ గూడ విశ్వాసము గోల్పోవును. శాబ్దబోధమునందలి యసలైన సూక్ష్మత యా యబద్ధపు నీడలోఁ గనఁబడక పోవును.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఋషి రాజ్‌పోపట్ సమర్పించిన సిద్ధాంతవ్యాసమునుగూర్చి 2022లో వచ్చిన వార్తలును నిట్టివే. రెండు సూత్రములకు విరోధము గలిగినపుడు ‘పర’మైనది ప్రవర్తించునని యొక పాణినిసూత్రము (1-4-2). ‘పర’మనఁగా సూత్రపాఠమునఁ దరువాతిదని సంప్రదాయము, పదమునఁ గుడివైపు భాగమునకుఁ జెందిన కార్యమని నూతనవ్యాఖ్య. విషయ మీ రెండు వాక్యములలో నున్నది. వార్తాపత్రికలు పెక్కు దీనిని విడిచి, వేలయేండ్ల చిక్కు వీడినదని మాత్రము చాటినవి. సంప్రదాయజ్ఞులు పలువు రా వ్యాఖ్య నంగీకరింపలేదు. పదార్థమును జెప్పి పక్షద్వయమును జూపుటకుఁ బట్టు స్థలము ప్రశంసకుఁ బట్టు స్థలము కంటె నెక్కువ కాదు.

ఫలితార్థము

పూర్వులు నడచిన మార్గమును సంగ్రహించినచో నాలుగంశములు తేలును. వినువాని ప్రయోజనమును ముందు నిర్ణయింపవలెను. శర్వవర్మ చేసిన దిదియే. వస్తువును జూపిన పిదపనే సంజ్ఞను జెప్పవలెను. పిత్రార్జితము నెఱిఁగినవానికి ‘యణ్’ భారము గాదు. ఒక్క యుదాహరణమును మొదటినుండి తుదవఱకు నడపవలెను. పది యుదాహరణముల మొదళ్లు చూపుటకంటె నొక్కదాని తుద చూపుట మేలు. విడిచినదానిని విడిచితినని చెప్పవలెను. కౌముది మూలక్రమమును స్మరింపఁజేసినట్లు.

చివరి యంశమున కెక్కువ కాలము పట్టదు. పాఠశాలయందు బాలుఁడు ‘అసవర్ణమని యేల?’ అని యడిగినపుడు, ‘సూత్ర మట్లున్నది’ అనుట యొక సమాధానము. ‘సవర్ణము పరమైనచో దీర్ఘము వచ్చును, దానికి వేఱు సూత్రము గలదు, రెండును దెలిసిన పాణిని యీ మాట వ్రాయలేదు, మనము జ్ఞాపకమునకై వ్రాసికొంటిమి’ అనుట మఱియొక సమాధానము. రెండవదానికిఁ గొన్ని మాట లెక్కువ పట్టును. ఆ మాటలు విన్న బాలుఁడు పాణిని యెవఁడని మరునాఁ డడుగును.